కడప, కర్నూలు మెట్ట తోటల్లో పండ్లపొదలు: ఎంపిక, పెంపకం, పరిసర సంబంధం

వ్యాససంగ్రహం:

అలంకరణ కోసం పొదలను నాటేటప్పుడు రాయలసీమ తోటల్లో పూలకే ప్రాధాన్యం. రంగురంగుల పండ్లగుత్తుల కోసం పొదలను పెంచే పద్ధతి శీతలదేశాల్లో బలంగా ఉంది. అక్కడి మొక్కల జాబితా కడప, కర్నూలు ఎండలకు నిలిచేది కాదు. అయితే ఈ ప్రాంతపు చిట్టడవుల్లో సహజంగా పెరిగే కలివి, తెల్లపురుగుడు, నల్లఉప్పి, తెల్లఉప్పి, బలుసు, కొరివి, కనరేగు వంటి పొదలు ఆ లోటును తీర్చగలవు. వీటి ఎంపికలో నేల స్వభావం, మొక్కల లింగభేదం, కత్తిరింపు కాలం నిర్ణాయకాంశాలు. పండును తినే పక్షి విత్తనాన్ని ప్రహరీ దాటిస్తుంది కనుక ఈ ఎంపిక తోటకు మాత్రమే పరిమితమైన విషయం కాదని కలివికోడి ఆవాసం, తలంబ్రాల మొక్క, సర్కారుతుమ్మల చరిత్ర ఆధారంగా ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: కలివి, చిట్టడవి, పండ్లపొదలు, కలివికోడి, సున్నపునేల, ఏకలింగాశ్రయి, రాయలసీమ.

1. ఉపోద్ఘాతం:

కడప, కర్నూలు పట్టణాల్లోని కళాశాల ప్రాంగణాలు, కార్యాలయాల ఆవరణలు, కొత్త కాలనీల ఇళ్లముంగిళ్లు పరిశీలిస్తే కంచెగానో, బాట అంచుగానో కనిపించే పొదలు కొన్నే. పసుపుపచ్చ ఆకుల డ్యురాంటా, నూరువరహాలు, కాగితపుపూలు, మందారం, గన్నేరు. వీటిలో ఎక్కువభాగం పూలకోసమో ఆకుల రంగుకోసమో నాటినవి. పండుకోసం పొదను నాటిన చోటు అరుదు. నాటినా అది వంటింటి అవసరంకోసం పెంచే కరివేపాకో, పెరటి గోడవారన ఒక వాక్కాయ చెట్టో అవుతుంది.

ఇందుకు భిన్నంగా ఐరోపా తోటపనిలో పండ్లపొదలకు ప్రత్యేకస్థానం ఉంది. హోలీ, కొటోనియాస్టర్, పైరకాంథా వంటివాటిని శీతకాలంలో ఎర్రని, నారింజరంగు పండ్లగుత్తులకోసమే పెంచుతారు. ఆకు రాలి, పూలు లేని నెలల్లో తోటకు రంగునిచ్చేవి అవే. ఆ పుస్తకాలను అనుసరించి దక్షిణాదిన తోటలు వేసినవారు నీలగిరుల్లో కొంత ఫలితం సాధించారేమో గాని, వేసవిలో ఉష్ణోగ్రత తరచుగా 40 డిగ్రీల సెల్సియస్ దాటే కర్నూలులో ఆ మొక్కలకు చోటులేదు. ఇక్కడ తోట బోసిపోయే కాలం శీతకాలం కాదు, ఎండకాలం. కాబట్టి ప్రశ్నను తిరగవేసుకోవాలి. ఎండాకాలపు చివరిలోను, తొలకరిలోను, వానలు వెనుదిరిగే రోజుల్లోను పండ్లతో నిండే పొదలు ఏవి? సమాధానం నర్సరీల జాబితాలో కన్నా లంకమల, నల్లమల, ఎర్రమల, పాలకొండల పాదభూముల్లో త్వరగా దొరుకుతుంది.

వృక్షశాస్త్ర పరిభాషలో 'మృదుఫలం' అంటే మొత్తం మెత్తని గుజ్జుగా ఉండి, లోపల టెంక లేకుండా గింజలుండే పండు. కలివి, ఉప్పి ఆ కోవకు చెందినవి. రేగు, బలుసు, తలంబ్రాల మొక్క పండ్లు శాస్త్రరీత్యా టెంకగల ఫలాలు. తోటపనిలో ఈ తేడా చూపుకు పట్టదు గాని విత్తనాన్ని మొలిపించే దగ్గర అక్కరకు వస్తుంది. ఈ వ్యాసంలో 'పండ్లపొద' అన్న మాట చిన్నచిన్న కండగల పండ్లు గుత్తులుగానో కొమ్మనిండుగానో కాసే పొదలన్నిటికీ వర్తిస్తుంది.

2. నేల, నీరు:

ఉమ్మడి కడప, కర్నూలు జిల్లాలలో వార్షిక వర్షపాతం స్థూలంగా 600 నుంచి 700 మిల్లీమీటర్ల ప్రాంతంలో ఉంటుంది. నైరుతి ఋతుపవనాలతో పాటు ఈశాన్య ఋతుపవనాల వానలోనూ కడపకు వాటా ఉంది. కర్నూలు పడమటి భాగానికి ఆ రెండో వాటా తక్కువ. పొద నాటే అదను నిర్ణయించుకోవడానికి ఈ తేడా ముఖ్యం. కర్నూలు, ఆదోని వైపు ఆషాఢ శ్రావణాలు దాటితే నాటిన మొక్కకు వాననీటి సాయం అంతంతమాత్రం. కడప, రాజంపేట వైపు ఆశ్వయుజం వరకూ ధైర్యంగా నాటవచ్చు.

నేల సంగతి ఇంకా నిర్ణాయకమైనది. కుందూ లోయలోను, ఆదోని మెట్టలోను నల్లరేగడి. కొండల పాదాల్లో గులకరాళ్లతో కూడిన ఎర్రనేల. అనేక చోట్ల అడుగున సున్నపురాయి. బేతంచర్ల నాపరాయి, కడప బండ దేశమంతా పేరుపొందినది ఈ భూగర్భం వల్లనే. ఈ రాతిపైన ఏర్పడిన నేలలో సున్నం ఎక్కువ, క్షారగుణం ఎక్కువ. బోరునీరు కూడా చాలా గ్రామాల్లో కాఠిన్యం గలదే. నేల క్షారగుణం పెరిగినప్పుడు ఇనుము నేలలో ఉన్నా వేరుకు అందే రూపంలో ఉండదు. లేత ఆకులో ఈనెలు మాత్రం పచ్చగా మిగిలి తక్కిన భాగం పసుపురంగుకు తిరుగుతుంది. కడప ఇళ్లముందు నూరువరహాల పొదలు ఏటా ఇలా పాలిపోవడానికి కారణం తరచుగా ఇదే. నీరు చాలలేదని భావించి మరింత బోరునీరు పోస్తే జబ్బు పెరుగుతుందే తప్ప తగ్గదు.

రాష్ట్రంలో అలంకరణ మొక్కల సరఫరాకు గోదావరి ఒడ్డున ఉన్న కడియం నర్సరీలు పెద్ద ఆధారం. అక్కడి ఒండ్రుమట్టిలో, అక్కడి గాలి తేమలో పెరిగిన మొక్క లారీలో రాయలసీమకు చేరేసరికి దాని వేరు ఎదుర్కొనేది పూర్తిగా మరొక ప్రపంచం. బంకమట్టి ముద్దతో వచ్చిన మొక్కను గులకనేలలో యథాతథంగా పాతితే ఆ ముద్ద ఎండి గట్టిపడి, వేరు వెలుపలికి రాలేక మొక్క నీరసిస్తుంది. నాటేముందు ముద్దను నీటిలో నానబెట్టి అంచులు విడదీయడం అవసరం. ఈ నేలకు పుట్టిన పొదల విషయంలో ఈ శ్రమ చాలావరకు తప్పుతుంది.

3. కలివి:

ఈ ప్రాంతపు పండ్లపొదల్లో అగ్రస్థానం కలివిది. తెలుగులో కలివి, కలివె అన్న రూపాలున్నాయి. తమిళంలో 'కళా' అన్నది దీని సజాతీయపదం. ద్రావిడభాషల్లో సోదరరూపాలుండటం ఈ పొదతో ఇక్కడి జనానికున్న పాతపరిచయాన్ని సూచిస్తుంది. శాస్త్రనామం కారిస్సా స్పైనారమ్. పచ్చళ్లకు, పప్పుకు వాడే వాక్కాయ కారిస్సా కారండాస్. రెండిటికీ పేర్లు పెట్టినవాడు లిన్నేయసే, వాక్కాయకు 1767లో, కలివికి 1771లో. రెండూ గన్నేరు కుటుంబానికి చెందినవి. కొమ్మ విరిస్తే పాలు కారడం ఆ కుటుంబలక్షణం. గన్నేరు విషం, కలివి ఆహారం కావడం ఆ కుటుంబంలోని వింత.

రెండిటినీ వేరుచేయడం కష్టం కాదు. వాక్కాయ పొద పెద్దది, ఆకు పెద్దది, ముల్లు తరచుగా చీలి ఉంటుంది. కాయ పెద్ద ఉసిరికాయను తలపించే పరిమాణంలో తెలుపుమీద గులాబిరంగు దిగి, ముదిరేకొద్దీ ముదురెరుపు, నలుపులకు మారుతుంది. కలివి కురచ. ఆకు చిన్నది, ముల్లు సాధారణంగా చీలదు, పండు బఠాణీగింజకన్నా కొంత పెద్దది. పచ్చికాయ ఎరుపెక్కి, పండితే నేరేడునలుపు. ఒకే గుత్తిలో ఎర్రనివీ నల్లనివీ కలిసి ఉంటాయి. పక్షులు పండ్లను గుర్తించడానికి ఈ రెండురంగుల అమరిక దోహదం చేస్తుందని పర్యావరణ శాస్త్రవేత్తలు భావిస్తారు. తోటమాలి కంటికి అందం కూడా అదే అమరిక.

పండుకు ముందు పువ్వు. వేసవి అడుగుపెట్టే వేళ మల్లెను పోలిన తెల్లని చిన్నపూలు గుత్తులుగా పూస్తాయి, పరిమళం సాయంత్రం చాలాదూరం వ్యాపిస్తుంది. తొలకరి వేళకు పండ్లు. ఏడాది పొడుగునా నిగనిగలాడే ఆకు. పశువు ముట్టని ముల్లు. పూలు, పండ్లు, కంచె, మూడు ప్రయోజనాలూ ఒకే పొదలో దొరకడం అరుదు. ఇంత సుగుణం గల మొక్క ఈ రెండు జిల్లాల ఉద్యానాల్లో కనిపించకపోవడానికి కారణం దానిని 'కంప' అన్న మాటకింద జమకట్టడమే కావచ్చు. పొలంగట్టున కంప, అడవిలో కంప. తోటలోకి రావడానికి ఆ పేరే అడ్డం. అదే జాతిలోని దక్షిణాఫ్రికా పొద కారిస్సా మాక్రోకార్పా మాత్రం అలంకరణ మొక్కగా దేశదేశాల తోటల్లో కుండీలకెక్కింది.

4. కలివికోడి ఆవాసం నేర్పే లెక్క:

ఈ పొద పేరును ఒక పక్షి మోస్తున్నది. కలివి గుబుర్ల మధ్య తిరిగేది కనుక కలివికోడి. ఆంగ్లంలో జెర్డాన్ కోర్సర్‌గా ప్రసిద్ధమైన ఈ పక్షిని సైన్యవైద్యుడు టి.సి. జెర్డాన్ సేకరించగా, ఎడ్వర్డ్ బ్లైత్ 1848లో శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. 1900 తరువాత ఎవరికీ కనిపించకపోవడంతో అంతరించిందనుకున్నారు. 1986 జనవరిలో కడపజిల్లా రెడ్డిపల్లె సమీపాన బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్, స్థానికుల సాయంతో దానిని తిరిగి కనుగొన్నాడు. ఆ తర్వాత ఏర్పడినదే శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం. తెలుగుగంగ కాలువ తవ్వకం ఈ పక్షి నేలను తాకుతున్నదని తేలినప్పుడు కాలువ మార్గాన్నే మార్చవలసి వచ్చింది.

తోటలగురించిన వ్యాసంలో ఈ ప్రస్తావన ఎందుకంటే, ఆ పక్షి ఎలాంటి పొదలభూమిని కోరుకుంటుందో లెక్కకట్టిన అధ్యయనం ఒకటి ఉంది. ఇసుక పరచిన పట్టీలపై అడుగుజాడలను గమనించి పి. జగనాథన్ బృందం 2004లో ప్రకటించిన ఫలితం ప్రకారం, రెండుమీటర్లకు మించిన పొడుగాటి పొదలు హెక్టారుకు 300 నుంచి 700 వరకు, అంతకన్నా పొట్టివి 1000కి లోపు ఉన్నచోట కలివికోడి ఎక్కువగా తిరుగుతుంది. అంటే మరీ దట్టమైన కంపా కాదు, చదునైన బీడూ కాదు. పొదకూ పొదకూ మధ్య ఖాళీనేల ఉన్న చిట్టడవి. కట్టెకోసం అతిగా నరికితే ఒకవైపు, మేత పూర్తిగా ఆగి గుబుర్లు కమ్ముకుంటే మరొకవైపు ఈ సమతూకం చెడుతుంది.

పెద్ద ప్రాంగణాల్లో పొదలు నాటేవారికి ఈ లెక్క ఒక నమూనాగా పనికివస్తుంది. హెక్టారుకు 500 పొడుగు పొదలంటే ఒక్కో పొదకు 20 చదరపు మీటర్లు, అంటే పొదకూ పొదకూ నడుమ సుమారు నాలుగున్నర మీటర్ల ఎడం. విశ్వవిద్యాలయాల్లో మిగిలిన బీడుభూములను ఈ ఎడంతో నింపితే నీటిఖర్చు లేకుండానే ఒక స్థానిక ఉద్యానం ఏర్పడుతుంది. అందువల్ల కలివికోడి వచ్చి వాలుతుందని చెప్పడం అతిశయోక్తి. పిగిలిపిట్టలు, గోరింకలు, కోయిలలు మాత్రం తప్పక వస్తాయి. అదే సమయంలో ప్రతి బీడూ పొదలకు తగినది కాదు. బట్టమేకపక్షికోసం 1988లో అభయారణ్యంగా ప్రకటించిన రోళ్లపాడు వంటి గడ్డిభూములకు చెట్లూ పొదలూ నాటడమే నష్టం. గడ్డిభూమిని 'ఖాళీ' అనుకోవడం ప్రభుత్వ వనమహోత్సవాల్లోనూ తరచు జరిగే పొరపాటు.

5. ఇతర పొదలు:

కలివి తరువాత చెప్పుకోదగినది తెల్లపురుగుడు. శాస్త్రనామం ఫ్లూగియా ల్యూకోపైరస్. వానలు తగ్గే రోజుల్లో సన్నని కొమ్మలనిండా ముత్యాలవంటి తెల్లని పండ్లు కాస్తుంది. తెల్లపండ్ల పొదలు ప్రపంచ తోటలన్నిటిలోనూ కొద్ది. ఎర్ర ఇటుక గోడముందు గాని, నాపరాతి ప్రహరీముందు గాని దీనికి సాటిలేదు. దీనికి బంధువైన నల్లపురుగుడు, అంటే ఫిల్లాంథస్ రెటిక్యులేటస్, ఊదానలుపు పండ్లు కాస్తుంది. పేర్లే జంటగా ఉన్న ఈ రెండిటినీ పక్కపక్కన నాటడం సబబు. నల్లపురుగుడుకు మాత్రం కొంచెం తేమ కావాలి, కాలువగట్లు, చెరువుకట్టలు దానికి నచ్చిన తావులు.

ఇటువంటిదే ఉప్పిజంట. నల్లఉప్పి కాపారిస్ సెపియేరియా, తెల్లఉప్పి అజీమా టెట్రకాంథా. పండ్ల రంగును బట్టే పేర్లు. కుటుంబాలు వేరైనా ముళ్లకంచెగా ఉపయోగం ఒకటే కనుక జనం ఒకే మాటతో పిలిచారు. చౌడునేలలను తట్టుకోవడం తెల్లఉప్పికున్న ప్రత్యేకత. ఉప్పదనం గల నీరున్న చోట తక్కిన పొదలు ఓడిపోతే దీనిని ప్రయత్నించవచ్చు. నల్లఉప్పి ముల్లు కొక్కెంలా వెనక్కి వంగి ఉంటుంది, పిల్లలు తిరిగే బాటపక్కన తగదు.

బలుసు (కాంథియం కోరమాండెలికమ్) గురించి తెలుగువారికి సామెతద్వారా తెలుసు. బతికుంటే బలుసాకు తిని బతకవచ్చునన్న మాట పుట్టింది కరువునేలల అనుభవంనుంచే. 1876–78 నాటి మహాక్షామం రాయలసీమను పీల్చిపిప్పిచేసినప్పుడు అడవి ఆకులే చాలామందికి కూడయ్యాయి. ఆ కరువులో తిన్న ఆకుల్లో దేవదారి (ఎరిత్రాక్సైలమ్ మోనోగైనమ్) ఒకటి. ఇది హిమాలయ దేవదారు కాదు, ఈ కొండల్లోనే పెరిగే చిన్నచెట్టు, ఎర్రని చిన్నపండ్లు కాస్తుంది. బలుసు పండ్లు పసుపు. ఇవి రెండూ తోటలో పక్కపక్కనే ఉంటే రంగుల పొత్తు కుదరడమే కాక, ఒక చరిత్రపాఠానికి ఆధారం కూడా దొరుకుతుంది. కళాశాల ఉద్యానంలో ఇలాంటి పొదకు శాస్త్రనామఫలకం ఒక్కటే చాలదు.

ముళ్లులేని పొదలు కావాలంటే కొరివి, పాపిడి. కొరివి అంటే ఇక్సోరా పావెట్టా. ఎండిన పుల్ల బాగా మండుతుంది కనుక కాగడాకు వాడేవారు, పేరు అందువల్లనే. తెల్లని సువాసనగల పూగుత్తులు, నల్లని పండ్లు. పాపిడి అంటే పావెట్టా ఇండికా, కొంత నీడను ఓర్చుకుంటుంది. సున్నపునేలలో పాలిపోయే నూరువరహాలకు బదులు దాని అడవిచెల్లెలైన కొరివిని నాటిచూడటం ఈ ప్రాంత నర్సరీలకు తగిన పని. కనరేగు (ఫ్లకోర్షియా ఇండికా) ముదురెరుపు పండ్లతో పెద్దపొదగా ఎదుగుతుంది. పరిమి (జిజిఫస్ ఈనోప్లియా) శీతకాలంలో నల్లని చిన్నపండ్లు కాసి బడిపిల్లలకు ప్రియమైనదే అయినా, పాకే స్వభావంవల్ల చిన్నతోటకు పనికిరాదు. కరివేపాకు పండును ఎవరూ అలంకరణగా చూడరు గాని, ఎరుపునుంచి నలుపుకు మారే ఆ గుత్తి ఏ విదేశీ పొదకూ తీసిపోదు.

6. ఆడమొక్క, మగమొక్క:

పొద ఏపుగా పెరిగి, పూచి, పండు మాత్రం కాయకపోవడం తోటల్లో తరచు వినిపించే ఫిర్యాదు. ఎరువు తక్కువైందనో, నేల మంచిది కాదనో భావించి శ్రమపడతారు. పై పొదల్లో తెల్లపురుగుడు, తెల్లఉప్పి, కనరేగు సాధారణంగా ఏకలింగాశ్రయులు. అంటే మగపూలు ఒక మొక్కపై, ఆడపూలు మరొక మొక్కపై పూస్తాయి. ఈతలాగ ఒకే మొక్కను నాటి పండ్లకోసం ఎదురుచూడటం వ్యర్థం. ఐరోపాలో హోలీ నాటేవారికి ఈ సంగతి చిన్నప్పుడే తెలుస్తుంది, ఎందుకంటే అక్కడి నర్సరీలు ఆడ, మగ రకాలకు వేరువేరు పేర్లతో అమ్ముతాయి. ఇక్కడ అలాంటి ఏర్పాటు లేదు.

ఉపాయాలు రెండు. విత్తనంతో పెంచితే ఏది ఆడదో పూత వచ్చేదాకా తెలియదు కాబట్టి ఒకేచోట ఐదారు మొక్కలు నాటి, పూత వచ్చాక మగవాటిలో ఒకటి రెండు ఉంచి మిగిలినవి తీసివేయవచ్చు. లేదా కాయలతో ఉన్న పొదను గుర్తుపెట్టుకొని దాని కొమ్మనే నేలకు వంచి అంటుకట్టాలి. తల్లి ఆడదైతే అంటూ ఆడదే. దగ్గరలో మగపొద ఒకటుండాలన్న నియమం అప్పుడూ వర్తిస్తుంది. కలివి, వాక్కాయ, బలుసు, కొరివి పూలలో రెండు లింగాలూ ఉంటాయి కనుక ఈ చిక్కు లేదు. కాని పూత సమయంలో పురుగుమందు చల్లితే పరాగం మోసే కీటకాలు లేక వాటి కాపూ పడిపోతుంది.

7. పక్షి దాటించే విత్తనం:

అలంకరణ మొక్కగా తెచ్చిన పండ్లపొద అడవిని ఎలా ఆక్రమించగలదో భారతదేశానికి తెలిపినది తలంబ్రాల మొక్క, అంటే లంటానా. అమెరికా ఉష్ణప్రాంతపు ఈ పొద 1809లో కలకత్తా వృక్షోద్యానానికి అలంకరణకోసమే వచ్చింది. పూగుత్తిలో పసుపు, గులాబి, నారింజ రంగులు కలిసి ఉండటంచేత తలంబ్రాల పేరు వచ్చింది. నల్లని పండ్లను పిట్టలు తిని, కూర్చున్న ప్రతి కొమ్మకింద విత్తనం జారవిడిచాయి. నేడు అది నల్లమలలోనూ కొండపాదాల్లోనూ గుబుర్లుగా పాకి, కలివి, బలుసు మొలిచే తావులను కమ్ముకుంటున్నది. దాని ఆకు మేసిన పశువులకు కాలేయం చెడి, ఎండ తగిలినచోట చర్మం పుండుపడుతుంది.

కడపకు ఇటువంటి అనుభవం మరొకటి మరింత దగ్గరది. అడవులశాఖ అధికారి ఆర్.హెచ్. బెడ్డోమ్ 1876లో మద్రాసు ప్రభుత్వానికి లేఖ రాసి సర్కారుతుమ్మ విత్తనాలు కోరాడు. 1877లో కడపజిల్లా కమలాపురంలో వాటిని నాటారు. దేశంలో ఆ చెట్టు తొలి అడుగుపెట్టిన చోట్లలో అది ఒకటి. కరువునేలలో కట్టెకరువు తీర్చాలన్నది ఉద్దేశం, అది నెరవేరింది కూడా. చెరువుకడుపులు, బీళ్లు, వంకలు దాని పాలయ్యాయన్నది తరువాతి కథ. అది పండ్లపొద కాదు, పక్షులకన్నా పశువులే దాని కాయలు తిని వ్యాప్తి చేశాయి. అయినా ఒక మొక్కను ఎంచుకున్నవారి జీవితకాలం ఆ ఎంపిక ఫలితాన్ని చూడటానికి చాలదని చెప్పడానికి ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ దొరకదు.

ఈ దృష్టితో చూస్తే నేటి తోటల్లో విరివిగా కనిపించే డ్యురాంటా గురించి జాగ్రత్త అవసరం. అదీ అమెరికా ఖండపుదే, లంటానా కుటుంబంలోదే. కత్తిరించి కురచగా ఉంచినంతకాలం కాయదు. కత్తిరింపు మానితే నారింజరంగు పండ్లగుత్తులు వేలాడతాయి. చూడముచ్చటైన ఆ పండ్లు మనుషులకు విషపూరితాలు. లంటానా పచ్చికాయలు, పచ్చగన్నేరు కాయలు, గురివిందగింజలు కూడా ఈ వర్గంలోనివే. పాఠశాల, అంగన్‌వాడీ ఆవరణల్లో వీటికి తావివ్వకూడదు. పిల్లలు పండును నోట పెట్టుకొనే పరిచయం పరిమి, కలివి, బలుసులతో ఏర్పడితే ప్రమాదం తక్కువ. ఏది తినవచ్చునో తెలిసిన బాల్యం ఏది తినకూడదో కూడా తెలుసుకుంటుంది.

8. నాటడం, నీరు, కత్తిరింపు:

కలివి, వాక్కాయ విత్తనాలకు నిలవ ఉండే శక్తి తక్కువ. బాగా పండిన పండును పిసికి, గుజ్జూ పాలజిగురూ పోయేలా కడిగి, నీడన ఒకపూట ఆరబెట్టి, వారంలోపే చల్లాలి. దాచి మరుసటి ఏడు చల్లుదామనుకుంటే మొలక దాదాపు ఉండదు. రేగుజాతి టెంకలు ఇందుకు విరుద్ధం. గట్టి టెంకను కొంచెం చిట్లగొట్టితే గాని మొలక ఆలస్యమవుతుంది. కలివి కొమ్మలు నేరుగా పాతితే వేరూనడం అరుదు కాబట్టి వానకాలంలో అంటుకట్టడం మేలు. విత్తనపు మొక్క మూడు నాలుగేళ్లకు కాపుకొస్తుంది.

ఎర్రనేలలో మోకాలిలోతు గుంత, పైమట్టితో కలిపిన చివికిన పశువుల ఎరువు చాలు. అడుగున నాపరాయి తగిలితే గడ్డపారతో పగలగొట్టి వేరుకు దారి చేయాలి, లేకుంటే గుంత కుండీలా నీరుపట్టి వేరు కుళ్లుతుంది. నల్లరేగడిలో గుంతకన్నా చిన్నదిబ్బ మేలు. కంచెకైతే మొక్కకూ మొక్కకూ మీటరు, విడిపొదలకైతే కనీసం రెండున్నర మీటర్లు. మొదటి రెండు వేసవులు గట్టెక్కించడమే అసలు పరీక్ష. ఆ తరువాత వీటికి నీటి అవసరం స్వల్పం. ఆ రెండేళ్లకూ పాదిలో మట్టికుండ పాతి నింపే పాతపద్ధతి బాగా పనిచేస్తుంది. కుండగోడల సన్నరంధ్రాలనుంచి నీరు ఊరుతూ వేరును లోతుకు నడిపిస్తుంది. పైపాటుగా రోజూ చల్లే నీరు వేరును పైపొరలోనే నిలుపుతుంది, ఏప్రిల్ ఎండకు ఆ పొరే ముందు మాడుతుంది. పాదిలో వేరుశనగ పొట్టు పరిస్తే తేమ నిలుస్తుంది. ఈ జిల్లాల్లో దానికి కొరతలేదు.

కత్తిరింపు విషయంలో ఉద్యానసిబ్బందికి అలవాటైన పద్ధతి పండ్లపొదకు శత్రువు. నెలకోసారి పెద్దకత్తెరతో గోడలా చదునుచేసే పొద ఏనాటికీ కాయదు. కలివి పూత కొమ్మచివరల వస్తుంది. చివర పోతే పూత పోయినట్లే. పండ్లు రాలిన తరువాత, అంటే వానకాలం మధ్యలో, సంవత్సరానికి ఒక్కసారి ఎండుకొమ్మలు, లోపలికి పోయిన కొమ్మలు తీస్తే చాలు. మార్చిలో కత్తిరిస్తే ఆ ఏటి పండ్లు కత్తెరపాలే. బాట అంచులను కచ్చితమైన గీతలో ఉంచాలన్న పట్టుదల ఉన్నచోట పండ్లపొదను నాటకపోవడమే ఉచితం.

9. మొక్కల సేకరణ:

ఈ పొదల్లో వాక్కాయ, కరివేపాకు తప్ప తక్కినవి నర్సరీల్లో దొరకడం కష్టం. అందుచేత అడవినుంచి మొక్కలు పెకలించి తేవాలన్న ఆలోచన వస్తుంది. అభయారణ్యాల్లో అది 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. పైగా ముదిరిన పొద తల్లివేరు తెగితే మళ్లీ నాటుకోవడం అరుదు. పొలంగట్లు, రోడ్లవారలు, గ్రామాల పాతకంచెలనుంచి ఆ రైతుల అనుమతితో పండ్లు సేకరించడం సులువైన మార్గం. పాతకంచెలు తీసి ఇనుపతీగ వేస్తున్న ఈ రోజుల్లో ఆ గట్ల పొదలే ముందుగా పోతున్నవి కూడా.

గుర్తింపుకు ఆధారాలు కొరవడలేదు. గాంబుల్ 1915లో ప్రారంభించిన మద్రాసు ప్రెసిడెన్సీ వృక్షసంపద గ్రంథం, జె.ఎల్. ఎల్లిస్ నల్లమల వృక్షసంపద గ్రంథం ఈ పొదలను వర్ణించాయి. పేర్ల దగ్గరే చిక్కు. పురుగుడు, ఉప్పి, జాన వంటి మాటలు మండలానికొక మొక్కకు వర్తిస్తాయి. తెలుగుశాఖ విద్యార్థులు పేర్లను, వృక్షశాస్త్రశాఖ విద్యార్థులు నమూనాలను ఒకే గట్టుమీద కలిసి సేకరిస్తే రెండు పనులూ ఒకేసారి పూర్తవుతాయి. అందుకు అనువైన కాలం జూన్ చివరినుంచి ఆగస్టు నడిమివరకు. అప్పుడు కలివి గుత్తుల్లో ఎరుపూ నలుపూ రెండూ ఉంటాయి, విత్తనం వారంలోపే నారుమడికి చేరవచ్చు.